పోయినచోటే వెతకవలెనా?

పేకాటను గూర్చి కుటుంబ పత్రికలో వ్రాయడమేమిటని కొందరు చదువరులు కనుబొమలు ముడువవచ్చును. ముడిచినా మేము తప్పుపట్టము. పేకాటవల్ల గుల్లయిన ఇంటి కథ వినని తెలుగువారుండరు. ప్రాణహిత ఇవతల సిరొంచలోనైనా, అంకీస, ఆసరెల్లిలలోనైనా మనమేమీ దానికి మినహాయింపు కాము. అయినా పెండ్లివారింట తెల్లవార్లూ మేలుకొనవలసి వచ్చినప్పుడు, పెద్దకర్మకు చుట్టాలు దిగినప్పుడు, తునికాకు పైకం చేతికందిన వేసవి సాయంత్రాలలో, చాప పరచి రెండు పేకలు కలపడం మనవారికి పాత అలవాటే. ఆడవద్దని చెప్పే వ్యాసాలు చాలా వచ్చాయి. ఆడేవారు వాటిని చదవరు. కనుక ఈసారి తరచుగా ఆడేవారి పక్కనే కూర్చుని మాట్లాడదామని పూనుకొన్నాము. ఏండ్ల తరబడి ఆడేవాడికి బుద్ధి నిలకడగా ఉండడమెట్లా? ఆటమీద రుచి చెడకుండా ఉండడమెట్లా? ఇదీ ప్రశ్న.

ముందుగా ఒకటి ఒప్పుకోవలెను. రమ్మీ వట్టి అదృష్టపు ఆట కాదు. సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లినప్పుడు, 1967లో జస్టిస్ హిదయతుల్లాగారు ఈ సంగతి తేల్చి చెప్పారు. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారవేయాలో ఎరగడం ఇందులో ముఖ్యమనీ, అందుచేత ఇది మూడుముక్కలాట వంటిది కాదనీ వారి నిర్ణయం. అయితే ఆ తీర్పులోనే ఒక హెచ్చరిక కూడ ఉన్నది. ఆట నడిపే ఇంటివాడో క్లబ్బువాడో పందెపు ఆటలోనుంచి లాభం తీసుకొంటే నేరం నేరమే. ఈ రెండవ మాటను మనవారు అంతగా తలచుకోరు.

నైపుణ్యమంటే ఏమిటో చిన్న లెక్కతో చెప్పవచ్చును. చేతిలో ఆఠీను అయిదు, ఏడు ఉన్నవనుకోండి. కావలసినది నడిమి ఆరు. రెండు పేకలలో కలిపి అట్టివి రెండే. అదే అయిదు, ఆరు ఉంటే నాలుగు వచ్చినా సరే, ఏడు వచ్చినా సరే. అనగా నాలుగు ముక్కలు పనికివస్తాయి. ఇప్పుడు ఎదుటివాడు ఒక ఆఠీను ఆరును కింద పడవేశాడు. దానిని చూసినవాడికి నడిమి ముక్కమీది ఆశ సగమైనదని తెలుస్తుంది. చూడనివాడు ఆట ముగిసేదాకా దానికోసమే కూర్చుంటాడు. జోకరును నమ్ముకొంటే నమ్ముకోవచ్చునుగాని, జోకరు లేని వరుస ఒకటి ముందు కుదరనిదే షో చెల్లదు గదా. ఏకాగ్రత అంటే ఇంతే. కళ్లు మూసుకొని చేసే తపస్సు కాదు. పడిన ముక్కను పడినట్లుగా చూడడం.

అమెరికావారి పోకరులోను ఇదే న్యాయం. అక్కడ 52 ముక్కలనుంచి అయిదేసి ముక్కల కూర్పులు 25,98,960 వస్తాయి. వాటన్నిటిలో తలమానికమైనది, ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు కలిసినది, నాలుగంటే నాలుగు. ఎంత ఆరితేరినవాడికైనా ఎక్కువసార్లు పనికిరాని చేయే వస్తుంది. కనుక వాడి ప్రజ్ఞలో పెద్దపాలు చేయి దించడంలోనే ఉంటుంది. మన రమ్మీలోను అంతే. మొదటనే దించినవాడికి సాధారణంగా 20 పాయింట్లతో పోతుంది. మొండికెత్తినవాడు 80 దాకా మోస్తాడు.

మరి ఇన్ని తెలిసినవాడు కూడ రాత్రి పదకొండు దాటేసరికి ఎందుకు తప్పులాడుతాడు? పోకరు ఆటగాళ్లు దీనికొక పేరు పెట్టారు. గోలీబంతి యంత్రాన్ని విసుగుతో కుదిపితే అది ‘టిల్ట్’ అని చూపి ఆగిపోతుంది. మనిషి ఓటమితో కుదుపుకొన్నప్పుడు కూడ వారు ఆ మాటే వాడుతారు. తేడా ఒక్కటే, యంత్రం ఆగుతుంది, మనిషి ఆగడు. మనవారికి ఆ మాట అవసరం లేకపోయినది. ఎందుకంటే ఆ తెగులును తెగులనక, నీతిగా మార్చే సామెత మనకున్నది. “పోయినచోటే వెతుక్కోవాలి” అంటారు. ఉంగరం పోతే ఆ మాట నిజం. ఉంగరం పోయినచోటే పడి ఉంటుంది. పేకాటలో పోయిన డబ్బు పోయినచోట ఉండదు. అది ఎదుటివాడి జేబులో ఉంటుంది. తిరిగి కూర్చున్నవాడు వెతుకుతున్నది డబ్బును కాదు, పోయిన పరువును. పరువు వెతికే కన్నుకు ఆఠీను ఆరు కనబడదు.

ఈ సంగతి భారతం కంటె బాగా చెప్పినవారు లేరు. తొలి జూదంలో ధర్మరాజు సర్వమూ ఓడాడు. ధృతరాష్ట్రుడు అంతా తిరిగి ఇచ్చి పంపాడు. ఇంద్రప్రస్థానికి పోతూ ఉండగా దారిలో మళ్లీ పిలుపు వచ్చినది. ఆయన వెనుదిరిగి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. పన్నెండేండ్ల వనవాసము, ఒక ఏడు అజ్ఞాతవాసము ఆ రెండవ కూర్చోవడంలో వచ్చినవే.

అడవిలో ఆయనకు బృహదశ్వుడనే ముని చెప్పిన కథ నలునిది. నన్నయగారు తెనిగించిన అరణ్యపర్వంలో ఉన్నది. పుష్కరునితో జూదం నెలల తరబడి సాగినప్పుడు, ఇక ఇది ఆగదని గ్రహించి దమయంతి పిల్లలిద్దరినీ రథమెక్కించి పుట్టింటికి పంపివేసినది. ఆ పుట్టిల్లు విదర్భ. నేడు మన గడ్చిరోలి జిల్లా చేరి ఉన్న విదర్భయే. భర్త లేవడని తెలిసిన ఇల్లాలికి చేయగలిగినది అంతే మిగిలినది. నలుడు రాజ్యమోడి కట్టుబట్టతో వెళ్లిపోయాడు. ఆ తరువాత ఋతుపర్ణుని వద్ద బాహుకుడనే పేరుతో గుఱ్ఱాలు చూసుకొన్నాడు. ఆ కాలమంతా ఆయన పాచికలు ముట్టినట్లు కథ చెప్పదు. ఒకనాడు దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టును చూసి ఆకులకూ కాయలకూ లెక్క చెప్పాడు. నలుడు రథమాపి, దిగి, తానే స్వయంగా లెక్కించి సరిచూసుకొన్నాడు. అప్పుడు అక్షహృదయమనే విద్య పొందాడు. కలి ఆయనను విడిచి ఆ చెట్టులో చేరాడు. పిమ్మట నలుడు తన రాజ్యానికి వచ్చి ఒక్కసారి ఆడాడు, గెలిచాడు, పుష్కరుని క్షమించి పంపాడు.

తాండ్రచెట్టు మనకు కొత్తది కాదు. త్రిఫలలో తానికాయ దానిదే. మరాఠీవారు బెహడా అంటారు. మన అడవులలో ఉన్నదే. వేదకాలంలో ఆ కాయలే పాచికలు. జూదగాని గోడును చెప్పే సూక్తమొకటి ఋగ్వేదం పదవ మండలంలో 34వది. అందులోని పాచికలు కూడ అవే. చెట్టొకటే. జూదగానికి అది పాచికలనిచ్చినది, నలునికి లెక్కనిచ్చినది. ధర్మరాజుకు, నలునికి తేడా ఆటలో లేదు. ఓటమికీ మరుసటి ఆటకూ నడుమ గడిచిన కాలంలో ఉన్నది.

అందుచేత తరచుగా ఆడేవారికి మేము చెప్పదలచినవి నాలుగే మాటలు. చాపమీద కూర్చొనకముందే మూడు హద్దులు పెట్టుకోవలెను: ఎంతసేపు, ఎంత డబ్బు, ఎన్ని చేతులు ఓడితే లేవడం. ఇవి ఇంట్లోవారికి తెలిసి ఉండడం మంచిది. రెండవది, గెలుపోటములు రెండింటినీ తేదీతో ఒక పుస్తకంలో వ్రాయవలెను. మన జ్ఞాపకం గెలుపులనే దాచిపెడుతుంది. పుస్తకానికి ఆ పక్షపాతం లేదు. మూడవది, ఆకలితోగాని, నిద్ర చాలకగాని, ఇంట్లో మాటామాటా అనుకొనిగాని కూర్చోరాదు. నాలుగవది, ఓడిననాడు ఆ రోజుకు ఆట ముగిసినట్లే. మా ఎరుకలో ఒక నలుగురి జట్టు ఉన్నది. వారు డబ్బు మాని చింతగింజలు లెక్కకు పెట్టుకొని ఆడుతారు. గింజలు అయిపోయినవాడు టీ కాచవలెను. వారి కొట్లాటలు వింటే లక్షలు పోయినవనిపిస్తుంది. రుచికి పందెం పెద్దది కానక్కరలేదని వారిని చూస్తే తెలుస్తుంది.

ఫోనులో ఆడేవారి మాట వేరు. అక్కడ తెల్లవారదు, ఆటగాళ్లు లేచిపోరు, టీ కాచమనేవారు లేరు. మనిషిని ఆపే చిన్న చిన్న అడ్డంకులేవీ లేవు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమని గాని అదృష్టమని గాని తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. చాపమీది పందానికి కూడ చట్టం ఏటి అవతల ఒకలాగు, ఇవతల ఒకలాగు ఉన్నది. ఇక్కడ 1887 నాటి బొంబాయి చట్టం వట్టి నైపుణ్యపు ఆటలను విడిచిపెట్టినది. తెలంగాణ 2017లో నైపుణ్యపు ఆటపై ఒడ్డిన డబ్బును కూడ జూదం కిందికే చేర్చినది. వంతెన దాటి చుట్టాలింటికి పోయి పేక తీసేవారు ఇది గుర్తుంచుకోవలెను.

ఇంటి ఆడవారికి ఒక మనవి. ఆటకు కూర్చున్నవాడిని నలుగురిలో పిలిచి అవమానించవద్దు; పరువుకోసం వాడు మరి రెండు చేతులు ఆడుతాడు. ఆటగాళ్లకు ఒక మనవి. ఇంట్లోనుంచి పిల్లవాడు వచ్చి గుమ్మంలో నిలబడితే, ఆ పిల్లవాడిని కూడ పడిన ముక్కను చూసినంత శ్రద్ధగా చూడండి. దమయంతి పిల్లల రథం కదిలేటప్పుడు నలుడు తల ఎత్తలేదు.