ఏ బడి ఎంచుకోమంటారు?

2002 జులై 1న బుష్‌గారు క్లీవ్‌లాండ్ వచ్చాడు. అంతకు నాలుగు రోజుల ముందే ఆ ఊరి స్కూలు వోచర్లు చెల్లుతాయని అమెరికా సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. నల్లపిల్లల్ని వేరే బళ్లలో కూర్చోబెట్టడం చెల్లదన్న 1954 తీర్పంత గొప్పదట ఇది! పేదవాడి చేతికి చీటీ ఇచ్చాం, నచ్చిన బడి ఎంచుకో అన్నాడు.

ఏది ఎంచుకోవాలి? చీటీ విలువ మహా అయితే 2,250 డాలర్లు. చుట్టుపక్కల శివార్లలోని మంచి ప్రభుత్వ బళ్లు ఒక్కటీ తలుపు తీయలేదు. వోచరు పిల్లల్లో 96 శాతం మత బళ్లకే పోయారు. భక్తితోనే పోయారా? తలుపు తెరిచింది అవే కాబట్టి పోయారు.

మన సెక్యులర్ మిత్రులకు ఆ 96 మీదే కోపం. వోచర్లొస్తే మేమంతా మదర్సాలకు పోతామని భయం. చదువుకునే ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో ఉన్నది 4 శాతమేనని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. సర్కారు బడిలో సరస్వతీ ప్రార్థన మాత్రం మీ చెవులకు మతంలా వినపడదు!

చీటీ మన దగ్గరికీ వచ్చింది. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో 90 గ్రామాల్లో లాటరీ తీసి పిల్లల్ని ప్రైవేటు బళ్లకు పంపారు. నాలుగేళ్లకు తెలుగులో, లెక్కల్లో తేడా లేదు, హిందీ మెరుగైంది. ఉర్దూ? ఆ ఫలితాల్లో దాని ఊసే లేదు.

ఉర్దూ మీడియం బళ్లో టీచరు పోస్టు ఏళ్లతరబడి ఖాళీ ఉంచి, మా అమ్మీల చేతిలో చీటీ పెట్టి ఎంచుకోమంటే ఎట్లా? ముందు ఆ పోస్టు నింపండి. అప్పుడు అడగండి, ఏ బడి కావాలని.