చిన్న పరిశ్రమ, ప్రభుత్వ టెండరు: నిర్దేశాలు వ్రాసేవారి బాధ్యత

మూసాపేట, బాలానగర్, సనత్‌నగర్ ప్రాంతాలు నేడు ఐ.టి. నడవాకు పొరుగు పేటలుగా పేరుపడినా, వాటి పునాది లోహపు పనిపై నిలిచినది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడింది. ఆ చుట్టుపక్కల లేత్ యంత్రాల షెడ్లు, వెల్డింగు పనిశాలలు, చిన్న విడిభాగాల తయారీ కేంద్రాలు నేటికీ సాగుతున్నాయి. విత్తన గొర్రుకు పళ్లచక్రం కోయడానికైనా, కలుపు తీసే యంత్రానికి చట్రం బిగించడానికైనా కావలసిన నైపుణ్యం అక్కడ ఉన్నది. అయినప్పటికీ నగరానికి మరొక కొసన రాజేంద్రనగర్‌లో ఉన్న పరిశోధనా సంస్థల టెండర్లలో ఇటువంటి షెడ్లు పాల్గొనడం ఈ వ్యాసకర్త పరిశీలనలో అరుదు.

వారికి తెలియదు, వారు ముందుకు రారు అన్నది మనం సాధారణంగా చెప్పుకొనే సమాధానం. అది సగమే నిజం. మిగిలిన సగం కొనుగోలు చేసే మన వైపున ఉన్నది.

చట్టపరంగా చిన్న పరిశ్రమకు లభించిన వెసులుబాటు తక్కువేమీ కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం కింద 2012లో కేంద్రం ప్రభుత్వ కొనుగోళ్ల విధానాన్ని ప్రకటించింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో నిర్ణీత భాగాన్ని సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచే తీసుకోవాలి. తొలుత 20 శాతంగా ఉన్న ఈ భాగాన్ని 2018లో 25 శాతానికి పెంచారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికులకు, 3 శాతం మహిళలకు ఉద్దేశించినది. టెండరు పత్రం ఉచితం, ధరావతు చెల్లింపు నుంచి మినహాయింపు ఉన్నది.

ఈ విధానంలో 15 శాతం నిబంధనను చాలామంది ధరలో రాయితీగా పొరబడుతున్నారు. పెద్ద సంస్థ రూ.100కు కనిష్ఠ ధర పలికినప్పుడు, రూ.115 లోపు పలికిన చిన్న పరిశ్రమకు తన ధరను రూ.100కు తగ్గించుకొని ఆర్డరులో కొంత భాగం పొందే అవకాశం ఇస్తారు. కనుక రూ.100కు ఆ వస్తువు చేయలేని షెడ్డుకు ఈ నిబంధన వల్ల ఒరిగేదేమీ లేదు. అలాగే ఈ మినహాయింపులు తయారీదారులకు, సేవలందించేవారికి మాత్రమే. ఇతరుల సరకు తెచ్చి అమ్మే డీలరుకు వర్తించవు. 2021లో వర్తకులకు ఉద్యమ్ నమోదు కల్పించినది బ్యాంకు రుణాల ప్రాధాన్యత కొరకే. మరొక ముఖ్య విషయం: ఈ ఉత్తర్వు కేంద్ర సంస్థలను కట్టడి చేస్తుందే గాని రాష్ట్ర శాఖలను కాదు. జాతీయ పరిశోధనా సంస్థ టెండరుకు, రాష్ట్ర శాఖ టెండరుకు ఒకే నియమాలు ఉంటాయనుకొని బిడ్ వేసినవారు భంగపడతారు.

తొలి అడుగు ఉద్యమ్ నమోదు. ఇది పూర్తిగా ఉచితం. రుసుము అడిగే మధ్యవర్తులను నమ్మవలసిన పని లేదు. ఆపై 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌లో విక్రేతగా చేరి, చిన్న ఆర్డర్లతో అనుభవం గడించడం మేలు. ధర వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. పలికే ధర మూసాపేట గేటు వద్ద ధర కాదు. పన్నులతో కలిపి పొలాసకో, రుద్రూరుకో సరకు చేర్చే ధర. యంత్రాన్ని బిగించి, నడిపి చూపే ఖర్చు కూడా అందులోనిదే. ధరావతు మినహాయింపు ఉన్నదని సంతోషించి, ఆర్డరు దక్కిన తరువాత కట్టవలసిన పనితీరు పూచీ సొమ్మును మరచినవారు చిక్కుల్లో పడతారు.

ఇక నిర్దేశాల సంగతి. కలుపు యంత్రం కావాలని కోరే శాస్త్రవేత్త తరచుగా చేసే పని ఒక పేరొందిన కంపెనీ కరపత్రాన్ని ముందుంచుకొని కొలతలు ఎక్కించడం. ఇంజను సామర్థ్యం, బరువు, పని వెడల్పు అన్నీ ఆ ఒక్క నమూనాకే సరిపోతాయి. అప్పుడు పోటీ కాగితంపైనే ముగుస్తుంది. ఏ నేలలో, ఏ పంటలో, వరుసల మధ్య ఎంత దూరంలో, గంటకు ఎంత విస్తీర్ణంలో పని జరగాలో చెప్పి, కొలతలకు కనిష్ఠ గరిష్ఠ హద్దులు ఇస్తే చాలు. మన సౌలభ్యం కొరకు వీడర్లు, స్ప్రేయర్లు, టార్పాలిన్లు ఒకే టెండరులో కలపడం కూడా చిన్నవారిని గడప బయటే నిలుపుతుంది. మూడేళ్ల టర్నోవరు, పూర్వానుభవం అడగడమూ అంతే. నాణ్యతకు భంగం రానంతవరకు ఈ షరతులను చిన్న పరిశ్రమలకు సడలించవచ్చు.

నాసిరకం సరకు వస్తుందన్న భయాన్ని తోసిపుచ్చలేము. దానికి మందు టర్నోవరు షరతు కాదు, పరీక్ష. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. పరీక్షకు సమయం పడుతుంది కాబట్టి టెండరు వెలువడక ముందే తయారీదారును అటు నడిపించే పని విస్తరణ శాస్త్రవేత్తది. నమూనా యంత్రాన్ని మన పొలంలోనే ఒక పూట నడిపించి చూడటానికీ ఏ నియమమూ అడ్డురాదు.

చెల్లింపుల విషయంలో మన అలసత్వం మరింత బాధాకరం. 2006 చట్టం ప్రకారం సరకు స్వీకరించిన నాటి నుంచి 45 రోజులు దాటకుండా సొమ్ము చెల్లించాలి. 15 రోజుల్లో లిఖితపూర్వక అభ్యంతరం చెప్పకపోతే సరకు అందిన నాడే స్వీకరించినట్లు భావిస్తారు. గడువు మీరితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కాని తరువాతి ఆర్డరు పోతుందేమోనని వెరచి చిన్న తయారీదారు ఈ వడ్డీ అడగడు. అతడి మౌనాన్ని మనం సమ్మతిగా లెక్కించుకుంటాము. నలుగురు పనివారున్న షెడ్డులో రెండు నెలల బకాయి అంటే జీతాలు ఆగడమే. యంత్రం ఫలానా తేదీన అందినది, పని చేస్తున్నది అన్న ఒక్క వాక్యం మీద సంతకం ఆలస్యం కావడమే ఆ బకాయికి కారణమైన సందర్భాలు ఉంటాయి.

వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు వ్యాపార ప్రణాళిక వ్రాయడం నేర్పుతున్నాము. చివరి ఏడాదిలో ప్రతి బృందానికి ఒక నిజమైన టెండరు పత్రాన్నిచ్చి, బాలానగర్ పనిశాల యజమానితో కూర్చుని బిడ్ తయారు చేయమనాలి. అదే బృందం ఆ పత్రంలోని నిర్దేశాలను తిరగవ్రాసి విభాగాధిపతికి సమర్పించాలి. రెండింటికీ మార్కులు ఉండాలి.