ఖిద్మత్ చేయండి, ముఖాలు అడగకండి: ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ మాట



మాది వీరులపాడు. పాతికేళ్లు దాటింది, కెమెరానే నా రోజీ. నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల, అటు మధిర, కోదాడ దాకా మనవాళ్ల నికాలు, వలీమాలు, అఖీఖాలు తీశాను. పెళ్లిళ్లు లేని రోజుల్లో జమాత్ కుర్రాళ్లతో కలిసి ఖిద్మత్‌కు వెళ్తాను. అక్కడికీ కెమెరా నా భుజాన ఉంటుంది. ఈ రెండు చోట్లా చూసింది కలిపి ఒక మాట చెప్పదలిచాను. కొందరు పెద్దలకు కోపం రావచ్చు. అందుకే ముందు నా తప్పు చెప్పుకుంటాను.

2024 సెప్టెంబరు వరదలు మీకు గుర్తుండే ఉంటాయి. 1వ తేదీన విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచేసింది. ఇటు మా వైపు ఐతవరం దగ్గర మున్నేరు హైవే ఎక్కి హైదరాబాదు రాకపోకలు ఆగిపోయాయి. దారి తెరుచుకున్నాక మా కుర్రాళ్లం బియ్యం, పప్పు, నూనె, కొవ్వొత్తులు సంచుల్లో కట్టి ఒక సంస్థవాళ్ల లారీలో సింగ్‌నగర్ వెళ్లాం. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. వాళ్లు చేసింది అందరూ చేస్తున్నదే.

మోకాలు లోతు బురదనీళ్లలో ఆడవాళ్లు వరుసలో నిలబడ్డారు. బ్యానర్ కట్టారు. ఒక్కో సంచి ఇచ్చేటప్పుడు దాని మీద ఏడుగురు చెయ్యి వేశారు. సంచి బరువు పది కిలోలు కూడా ఉండదు. ఒక చెల్లెలు దుపట్టా ముఖం మీదికి లాక్కుని సంచి అందుకోబోయింది. "ఫోటో రాలేదు, ఇటు చూడమనండి" అన్నాడు సంస్థ పెద్దమనిషి. నేను అన్నాను, "చెల్లెమ్మా, ఒక్కసారి ఇటు చూడు."

ఆమె తలెత్తింది. నన్ను గుర్తుపట్టింది. "భాయ్, మీరా!" అని నవ్వింది. నా వేలు అలవాటుగా బటన్ నొక్కేసింది.

ఆమె నికాకు ఫోటోలు తీసింది నేనే. 2011లో, మా మండలంలోనే. వాళ్ల అబ్బా మిర్చి కౌలు రైతు. నన్ను గుర్తుపట్టి నవ్విన ఆ నవ్వును ఆ రాత్రి వాట్సాప్‌లో "ఒక పేద చెల్లి ముఖంలో ముస్కురాహట్" అని పెట్టారు. ఫోటో బాగా వచ్చింది, అందుకే బాగా తిరిగింది.

మూడు వారాల తరువాత వాళ్ల అబ్బా నాకు ఫోన్ చేశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "బేటా, పిల్ల ఫోటో మన ఊళ్లో కూడా చూశారు. నీ కూతురు ఖైరాత్ తీసుకుంటోందా అని అడుగుతున్నారు. మనవడు బడికి పోనంటున్నాడంట. ఎలాగైనా తీయించగలవా?" అన్నాడు. నేను ఆ గ్రూపువాళ్లకు చెప్పాను. వాళ్లు తీసేశారు కూడా. కానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లకు వెళ్లిందో ఎవరికి తెలుసు? నా దగ్గరున్న అసలు ఫోటో చెరిపేశాను. దాని వల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

ఆ రోజు ఆమె ఇల్లు గడవక చేయి చాచలేదు. ఇంట్లోకి వరద వచ్చింది, వంట సామాను మునిగింది. రెండు అంతస్తుల ఇల్లున్నవాళ్లు కూడా ఆ వరుసలో నిలబడ్డారు. ఒక పూట ఆపద జీవితాంతం ముద్ర అయ్యేలా చేసింది నీళ్లు కాదు, నా కెమెరా.

ఇక అసలు బహస్‌కు వస్తాను.

ఫోటో తీయడం హలాలా హరామా అన్న చర్చ ఉలమాలకు వదిలేస్తున్నాను. హజ్‌కు వెళ్లాలన్నా పాస్‌పోర్టుకు ఫోటో కావాలి. నేను అడిగేది వేరు. ఫోటోకు ఖరీదు ఎవరు కడుతున్నారు? నా పాతికేళ్ల అనుభవంలో జవాబు ఒక్కటే. ఎవరు బలహీనంగా ఉంటే వాళ్లే. షాదీ ఖానాలో ఆడపిల్ల తండ్రి అప్పు చేసి కడతాడు. సహాయం పంచే చోట పుచ్చుకునేవాళ్లు ఇజ్జత్‌తో కడతారు.

ముందు పెళ్లి సంగతి. నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు రీలుకు 36 ఫోటోలు. రెండు రీలులు వాడితే పెద్ద పెళ్లి అనుకునేవాళ్లం. ఖాజీ సాబ్ ఖుత్బా చదివేటప్పుడు ఒకటి, సియాహాలో సంతకం చేసేటప్పుడు ఒకటి, సెహరాతో దుల్హా, ఖర్జూరాలు పంచేటప్పుడు ఒకటి, జల్వాలో ఒకటి, రుఖ్సతీలో అమ్మీ ఏడుపు ఒకటి. అయిపోయింది. ఇప్పుడు రెండు వీడియో కెమెరాలు, డ్రోను, ఎల్ఈడీ తెర, ప్రీ వెడ్డింగ్ షూటు, రెండు పెద్ద ఆల్బంలు. అన్నీ కలిపితే లక్ష దాటుతోంది. తెలంగాణలో 2014 అక్టోబరు 2న షాదీ ముబారక్ రూ.51,000తో మొదలై తరువాత రూ.1,00,116 అయింది. మన దగ్గర 2022 అక్టోబరులో షాదీ తోఫా కింద మైనారిటీలకు లక్ష రూపాయలన్నారు. పేదింటి ఆడపిల్ల పెళ్లి మొత్తానికి ఆసరా అని సర్కారు లెక్కగట్టిన సొమ్ము, ఈరోజు ఒక ఫోటో ప్యాకేజీ!

ఆ ప్యాకేజీ అడిగేది ఎవరు? ఎక్కువసార్లు అబ్బాయి తరఫువాళ్లు. కట్టేది అమ్మాయి తండ్రి. జహేజ్ ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961 నుంచీ చట్టం ఉంది. దీన్‌లోనైతే మెహర్ దుల్హా ఇవ్వాలి, వలీమా దుల్హా పెట్టాలి. ఫోటోల ఖర్చు మాత్రం ఏ చట్టం, ఏ షరీఅత్ ప్రకారం ఆడపిల్ల తండ్రి మీద పడిందో ఎవరూ చెప్పరు. "జోడా తీసుకోలేదండీ, ఫోటోలు మాత్రం బాగుండాలన్నాం" అని గొప్పగా చెప్పే మగపెళ్లివాళ్లను ఎంతమందిని చూశానో! అది జోడాకు ఇంకో పేరు.

సింగ్‌నగర్‌లో చూసిన ఆ చెల్లెలి అబ్బా నాకు ఆల్బం బాకీ రెండు మిర్చి కోతల్లో తీర్చాడు. నేను తీసుకున్నాను. "వద్దు చిచ్చా" అనలేదు. ఆమె నికా నాడు తండ్రి దగ్గర డబ్బు తీసుకున్నాను, వరద నాడు కూతురి దగ్గర ముఖం తీసుకున్నాను. ఒకే ఇంట్లో రెండుసార్లు. ఈ లెక్క చూసుకున్నాకే నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఇబాదత్‌కు కూడా మా వల్ల అంతరాయమే. లెన్సు సరిచేసుకునేదాకా ఖాజీ సాబ్‌ను ఆపిన రోజులున్నాయి. "సంతకం ఇంకోసారి పెట్టినట్టు చెయ్యి భాయ్" అని దుల్హాతో అన్న రోజులున్నాయి. ఖబూల్ అన్న మాట ఒక్కసారే నిజం, రెండోసారి అది నాటకం. జనానాలో తీసిన ఆడపిల్లల ఫోటోలు ఎడిటింగ్ కోసం ముక్కూముఖం తెలియని కుర్రాళ్ల కంప్యూటర్లలోకి పోతాయి. అవి అక్కడ ఎన్నేళ్లు ఉంటాయో ఏ తండ్రీ అడగడు. పర్దా గురించి గంటలు గంటలు మాట్లాడే పెద్దలు కూడా అడగరు.

ఇక సహాయం సంగతి. సూరె బఖరా 264వ ఆయత్ సదఖా ఇచ్చి ఎహసాన్ చాటడం, మనసు నొప్పించడం ఆ సదఖానే పాడుచేస్తాయని హెచ్చరిస్తుంది. 271వ ఆయత్ బహిరంగంగా ఇవ్వడాన్ని తప్పుపట్టదు గానీ, గరీబులకు గుట్టుగా ఇవ్వడం మరింత మేలంటుంది. బాగా గమనించండి. ఇచ్చేవాడు బయటపడటానికి ఇజాజత్ ఉంది. పుచ్చుకునేవాణ్ని బయటపెట్టడానికి ఎక్కడుంది? మీ ముఖం మీది, కావాలంటే నిలువెత్తు బ్యానర్ వేసుకోండి. ఆమె ముఖం మీదెలా అయింది? పది కిలోల సంచికి కొన్నారా?

దీనికి మూడు జవాబులు నాకు ఎదురొస్తాయి.

మొదటిది: "ఫోటో లేకపోతే చందాలు రావు భాయ్. సౌదీలో, కువైట్‌లో ఉన్నవాళ్లు రుజువు అడుగుతారు." అడగాలి. జకాత్ సొమ్ము అమానత్, దానికి హిసాబ్ ఉండాల్సిందే. కానీ ముఖం హిసాబ్ ఎలా అవుతుంది? ఒక సంచి ఇచ్చి నాలుగు ఫోటోలు దిగితే నాలుగు సంచులు ఇచ్చినట్టు కనిపిస్తుంది. ఆ మోసాన్ని ఏ ఫోటో పట్టదు. కిరాణా కొట్టు బిల్లు పట్టిస్తుంది. సంతకాల రిజిస్టరు పట్టిస్తుంది. మస్జిద్ గోడకు అంటించిన జమాఖర్చుల కాగితం పట్టిస్తుంది. ఫోటోనే కావాలంటే పేర్చిన సంచులు తీస్తాను, లారీ దింపడం తీస్తాను, రాత్రంతా మూటలు కట్టిన కుర్రాళ్లను తీస్తాను.

రెండోది: "చూసి ఇంకో నలుగురు ముందుకొస్తారు." రావచ్చు. అయితే చేసేవాళ్లను చూపించండి. 2021లో కరోనా రెండో విడతలో తిరుపతిలో మన యువకులు అనాథ శవాలకు, హిందూ సోదరుల శవాలకు కూడా వాళ్ల వాళ్ల ఆచారం ప్రకారం అంత్యక్రియలు చేశారు. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. ఆ ఫోటోల్లో కనిపించింది పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతున్న మోసేవాళ్లు. అవి చూసే ఎంతోమంది కదిలారు. ఎవరి మయ్యత్ ముఖమూ చూపించాల్సిన అవసరం రాలేదు.

మూడోది నా మీద బాణం: "నువ్వూ దీని మీదే బతికావుగా? ఇప్పుడు నీతులా?" నిజమే, బతికాను. ఇంకా బతుకుతున్నాను. అందుకే లోపలి సంగతి నాకు తెలుసు. నా పొట్ట కొట్టుకోవాలని నాకూ లేదు. చిన్న ప్యాకేజీ అడగండి, మగపెళ్లివాళ్లు కట్టండి, నాకు హలాల్ రోజీ చాలు. ఈ మాట మొదలుపెట్టాక మూడు పెళ్లిళ్లు పోయాయి. పోనీ.

కెమెరా పారేయమని నేను చెప్పడం లేదు. 2021 మే నెలలో మా వైపు ఒక పెద్దాయన కరోనాతో పోయాడు. కొడుకు సౌదీలో, విమానాలు లేవు. నేను, నలుగురు కుర్రాళ్లు జనాజా మోశాం. ఆ కొడుకు ఫోన్లో ఏడుస్తూ, "భాయ్, ఖబర్ మీద మట్టి వేశాక ఒక్క ఫోటో పంపండి, చాలు" అన్నాడు. పంపాను. అది అతనికి తప్ప ఇంకెవరికీ వెళ్లలేదు. రెండేళ్ల తరువాత ఇంటికొచ్చినప్పుడు ఆ ఫోటో చేతిలో పట్టుకుని ఖబరస్తాన్‌లో వాళ్ల అబ్బా దగ్గరికి నేరుగా నడిచి వెళ్లాడు.

పింఛను కాగితాలకు ఫోటో తీయించుకోలేని బేవాలకు నా దుకాణంలో డబ్బు తీసుకోను. చెదలు తిన్న పాత ఫోటో తెచ్చి "మా అమ్మీ ముఖం కనిపించేలా చెయ్యండి" అని అడిగేవాళ్లకు రాత్రుళ్లు కూర్చుని బాగుచేసి ఇస్తాను. ఇవీ ఫోటోలే. తేడా ఒక్కటే. ఇక్కడ ఫోటో అడిగింది అందులో ఉన్నవాళ్లు, వాళ్ల సొంతవాళ్లు. ఆ ఫోటో వాళ్ల దగ్గరే ఉంటుంది.

అందుకని మన మస్జిద్ కమిటీల సదర్లకు, సంస్థలవాళ్లకు, సమధీలకు నా గుజారిష్ ఇది.

పంచే చోట పుచ్చుకునేవాళ్ల వైపు కెమెరా తిప్పకండి. వీలైతే వరుసే కట్టించకండి, చీకటి పడ్డాక ఇంటికి చేర్చండి. చందా పంపేవాళ్లకు బిల్లులు, రిజిస్టరు చూపండి. గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లారా, మీరు కూడా "ఫోటో పంపు" అనడం మాని "హిసాబ్ పంపు" అనండి. మీరు అడగడం మానితే వీళ్లు తీయడం మానతారు.

నికాలో ఫోటోల ఖర్చు దుల్హా తరఫువాళ్లదని సంబంధం మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. ఈ మాట ఖాజీ సాబ్ అడిగితే ఇంకా మంచిది. ఈజాబ్ ఖబూల్ జరిగేటప్పుడు ఏ కెమెరా కోసమూ ఆగొద్దు. జనానా ఫోటోలు ఇంటికి చేరాక మా దగ్గర చెరిపేయమని గట్టిగా అడగండి. నేను చెరిపేస్తున్నాను.

పోయిన రంజాన్‌లో మా కుర్రాళ్లు ఫిత్రా బియ్యం పంచారు. నేను వెళ్లాను, కెమెరా దుకాణంలో పెట్టి వెళ్లాను. ఒక సంచి ఇద్దరం పట్టుకుని గుమ్మం దగ్గర పెట్టి సలాం చెప్పి వచ్చేశాం. చాలాకాలం తరువాత నా రెండు చేతులూ మోయడానికి ఖాళీగా ఉన్నాయి.

ఆ చెల్లెలికి నేను మాఫీ చెప్పాలి. ఫోన్ నంబరు ఉంది. ఇంతవరకు ధైర్యం చాలలేదు. ఇది రాశాక చేస్తాను, ఇన్షా అల్లాహ్.