పటంలో మన పల్లె ఏదీ?

పెన్నా ఎక్కడ పుట్టిందని ఏడో తరగతి పిల్లల్ని అడగండి. టక్కున చెప్తారు. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టింది, 597 కిలోమీటర్లు పారింది, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసింది. మార్కులు పడతాయి. ఆ పిల్లల్నే ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. మీ పల్లెకి తాగేనీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? మీ పల్లె ఊరికి ఏ దిక్కున ఉంది? ఆ దిక్కునే ఎందుకుంది? నోరు పెగలదు. పిల్లలకి తెలియక కాదు. ఆ ప్రశ్న బడిలో అడగొచ్చని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

పుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే. అందులో మన పల్లె ఉండాలని మేం అడగడం లేదు. కానీ పుస్తకానికీ పల్లెకీ మధ్యన ఉన్న దారి వెయ్యాల్సింది అయ్యవారు. బడి బయటి బతుకుతో చదువుని కలపండని 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం మొదటి మాటగా చెప్పింది. కాగితం మీద ఉంది. తరగతి గదిలోకి రావాలి.

మేం చెప్పేది ఒక్కటే. ఆరు నుంచి ఎనిమిది దాకా భూగోళం పాఠం మన పల్లె పటంతో మొదలు కావాలి. భూమి, నీళ్లు, దారి, శ్మశానం - మనం కొట్లాడే ప్రతిదీ ఏదో ఒక పటం మీద ఉంది. పటం చదవడం రానివాడి చేతిలో పట్టా ఉన్నా భూమి నిలవదు.

గొలుసు ఎవరు లాగారు?

మన ఊళ్ల పటాలు ఎట్లా తయారయ్యాయో ఒకసారి గుర్తు చేసుకోండి. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఆ గొలుసు పట్టుకుని కయ్యల గట్ల మీద, చవిటిలో, ముళ్లలో నడిచింది వెట్టి చేసిన మన తాతలు. లెక్క రాసుకుంది కరణం. ఊళ్లో ప్రతి గట్టూ మన తాత పాదానికి తెలుసు, పటం మాత్రం కరణం ఇంటి పెట్టెలో ఉంది. 1984లో కరణాల పదవులు రద్దయ్యాయి. పటం పెట్టె మారింది. మనం చదివింది మాత్రం లేదు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో మళ్లీ భూముల రీసర్వే మొదలైంది. ఈసారి గొలుసు లేదు, డ్రోను వచ్చింది. కొత్త పటం గీసేటప్పుడు హద్దు దగ్గర నిలబడి "ఇది మా డీకేటీ భూమి, ఇది మా సొసైటీ భూమి, ఇది మా శ్మశానానికి దారి" అని వేలు పెట్టి చూపించే మనిషి కావాలి. భూమిలేని పేదకిచ్చిన అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చేసిన చట్టం చెప్పింది. అయినా మన తీరంలో ఎంత భూమి లీజుల పేరుతో, అప్పుల పేరుతో రొయ్యల గుంటలైందో మీ ఊళ్లో మీరే లెక్క పెట్టండి. చట్టం మన వైపున్నా భూమి జారిపోయిందంటే సర్వే నంబరు మనకి అంకెగానే తెలుసు, నేలగా తెలియదు.

నీళ్ల సంగతీ అంతే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగాడు. 1985 జూలైలో కారంచేడు గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. ఏ నీళ్లు ఎవరివి, ఎవరు ఎగువ, ఎవరు దిగువ అనేది భూగోళం కాకపోతే ఇంకేంది?

ఏడాదికి ప్లాను

"చెప్పడం తేలికే, సిలబస్ ఎట్లా అవుతుంది?" అంటారు తోటి అయ్యవార్లు. అందుకే నెలలవారీగా రాస్తున్నాం. కొత్త పాఠాలు చేర్చక్కర్లేదు. ఉన్న పాఠాన్ని మన కాలానికి, మన నేలకి జరపాలి, అంతే.

జూన్, జూలై: పటాలు, దిక్కులు, కొలమానం. పిల్లలు మొదట బడి గీస్తారు, తర్వాత ఊరు, తర్వాత పల్లె. 66 అడుగుల తాడు ఒకటి కొలిచి తెప్పించండి. అటు ఒక గొలుసు, ఇటు ఒక గొలుసు కొలిస్తే 10 సెంట్లు. అటు ఒకటి, ఇటు పది కొలిస్తే ఎకరం. ఇది ఒక్క పీరియడ్‌లో మైదానంలో అయిపోతుంది. ఎకరం అంటే ఎంతో కళ్లతో చూసిన పిల్లని రేపు ఎవరూ మోసం చేయలేరు.

ఆగస్టు, సెప్టెంబరు: నేల, భూగర్భజలం. మన తీరంలో ఇసుక నేలల్లో దొరువులున్నాయి. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా దొరువులో మంచినీళ్లు ఎట్లా ఊరతాయి? వాననీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. ఇసుకలోకి ఇంకిన వాననీళ్లు ఉప్పునీళ్ల పైన తేలుతూ నిలబడతాయి. పైపైన తోడుకుంటే మంచినీళ్లు. లోతుగా బోరు వేసి అదేపనిగా తోడితే కింది ఉప్పు పైకొస్తుంది. పక్కనే ఉప్పునీళ్ల గుంట తవ్వితే ఆ ఉప్పు ఇసుకలోంచి దిగి మంచినీళ్లలో కలుస్తుంది. ఇంత పెద్ద శాస్త్రం మన అవ్వలకి తెలుసు. ఉదయాన్నే తోడుకోవాలి, అడుగు కలపకూడదు అంటారు. ఆ మాటని పాఠం చేయండి. ఊరి బోరు, పల్లె బోరు, దొరువు, కాలవ, రొయ్యల గుంట - అయిదు చోట్ల నీళ్లు అయిదు సీసాల్లో తెచ్చి, ఒకే కొలత పోసిన అయిదు పళ్లేలు ఎండలో పెట్టండి. నీళ్లు ఇగిరిపోయాక ఏ పళ్లెంలో ఎంత తెల్లపొర మిగిలిందో పిల్లలే రాసుకుంటారు.

ఎనిమిదో తరగతికి ఇక్కడే చట్టం చెప్పండి. రొయ్యల సాగు మీద సర్వోదయ కార్యకర్త జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పంటపొలాలూ ఉప్పు కొటార్లూ రొయ్యల గుంటలుగా మార్చొద్దన్నది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి సాగుకి మళ్లీ దారి తీసింది. కొత్త గుంట ఆటుపోటు గీత నుంచి 200 మీటర్ల లోపల ఉండకూడదని 2005లో అందులోనూ రాశారు. 200 మీటర్లంటే మన గొలుసు పది సార్లు. పిల్లలే కొలవగలరు.

అక్టోబరు నుంచి డిసెంబరు: వాన, తుపాను. పుస్తకంలో రుతుపవనాలంటే ముందు నైరుతి. జూన్‌లో వాన వస్తుందని రాసి ఉంటుంది. మన పిల్లలు జూన్‌లో ఎండకి మాడుతూ ఆ పాఠం చదువుతారు. నెల్లూరు తీరానికి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే పడుతుంది. ఈశాన్య గాలి బంగాళాఖాతం మీద తేమ తాగి మన మీదికి వస్తుంది. కాబట్టి ఆ పాఠం వాన పడేటప్పుడు చెప్పండి. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా, ఒక స్కేలు చాలు, వానమాపకం తయారు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైన. రోజూ గోడ మీద రాయించండి.

తుపాను పాఠానికి పుస్తకం కంటే మన ముసలివాళ్లు గొప్ప. 1989 నవంబరు కావలి తుపాను చూసినవాళ్లున్నారు. 2004 డిసెంబరు 26 సునామీ చూసినవాళ్లున్నారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేముందు మనల్ని ఎంత తడిపిందో పిల్లలకే గుర్తుంది. రేవుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఏ నంబరుకి ఏం చెయ్యాలో పట్టిక రాయించండి. తర్వాత అసలు ప్రశ్న. తుపాను షెల్టరు ఎవరి వీధిలో ఉంది? పల్లె నుంచి అక్కడికి ఎన్ని అడుగులు? దారిలో ఏ కల్వర్టు ముందు మునుగుతుంది? యానాది కాలనీ నుంచి చంటిబిడ్డతో నడవడానికి ఎంతసేపు? పటం మీద గీతలు గీస్తే ఎవరు పల్లంలో ఉన్నారో, ఎవరు మెరకలో ఉన్నారో తేలిపోతుంది. పల్లంలో ఎందుకున్నారో చెప్పాల్సిన పని అయ్యవారిది.

జనవరి నుంచి మార్చి: రవాణా, పరిశ్రమ, భూభ్రమణం. బకింగ్‌హాం కాలవ మన గడప ముందే ఉంది. 1877-78 కరువులో మద్రాసు దగ్గర దాని ముక్కని కరువు కూలీలతో తవ్వించారు. దానికి గవర్నరు పేరు పెట్టారు, తవ్విన వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. కృష్ణపట్నం రేవు 2008లో కొత్తగా మొదలైంది. పక్కనే నేలటూరులో థర్మల్ కేంద్రానికి దామోదరం సంజీవయ్య పేరుంది. 1960లో ముఖ్యమంత్రి అయిన మన మనిషి. పేరు మనది. బొగ్గు ఎవరు మోస్తున్నారు, బూడిద ఎటు పోతోంది, పక్క పల్లెల్లో ఎంతమందికి పర్మినెంటు ఉద్యోగాలున్నాయి? ఈ ప్రశ్నలు రాసుకుని పిల్లలు పెద్దల్ని అడిగి రావాలి.

భూమి తిరగడం చెప్పడానికి శ్రీహరికోట కంటే మంచి ఉపకరణం ఏ దేశంలో ఉంది? 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది. తూర్పుకి వదిలిన రాకెట్‌కి ఆ వేగం ఉచితంగా కలుస్తుంది. కింద సముద్రమే కాబట్టి ముక్కలు పడినా ఊళ్లు లేవు. పిల్లలు ఆకాశంలో పొగ చూసి పాఠం నేర్చుకుంటారు. దానితోపాటు ఇంకో వాక్యం చెప్పండి: రాకెట్ కంటే ముందు ఆ దీవి అడవిలో యానాదులు బతికారు.

సామాను ఎక్కడిది?

గ్లోబు లేదు, అట్లాసు లేదు, ఉన్న గోడపటంలో 2022 ఏప్రిల్‌కి ముందున్న జిల్లాలే ఉన్నాయి. నిజమే. ఆ పాత పటం పారెయ్యొద్దు. అప్పుడు కందుకూరు మనలో కలిసింది, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకి పోయింది. పాత గీత మీద పిల్లల చేత చాక్‌పీసుతో కొత్త గీత గీయించండి. హద్దులు దేవుడు గీసినవి కావని ఆ రోజే తెలుస్తుంది.

ఊరి పటం నకలు సర్వేయరు దగ్గర దొరుకుతుంది. ఫీజు కట్టి సంఘం తరఫున అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు అర్జీ పెట్టండి. తాడు, సీసాలు, డబ్బా మనవే. మాటల గని మన ఇళ్లలోనే ఉంది. నది సముద్రంలో కలిసేచోటుకి పుస్తకం ఏ పేరు పెట్టినా, పట్టపోళ్ల పిల్లకి అది మొగ. కయ్య, దొరువు, చవుడు, దిబ్బ - ఈ మాటలు బోర్డు మీద ముందు రాసి, పరీక్షలో వచ్చే మాట పక్కన రాయండి. తన మాట బోర్డు మీద చూసిన పిల్ల రెండో మాట మర్చిపోదు.

ఇందులో ప్రమాదం లేదని మేం అనం. ఒక ఊళ్లో పిల్లలు శ్మశానం దారి కొలిస్తే, ఆ దారి సగం ఒక గుంట గట్టు కింద ఉందని తేలింది. సాయంత్రానికి గట్టు ఆసామి బడికి వచ్చాడు. "పిల్లకాయలకి ఇవన్నీ దేనికయ్యా, పాఠం చెప్పుకోక" అన్నాడు. చెప్పింది పాఠమే. అయితే పిల్లల్ని ముందు పెట్టి పెద్దలు వెనక దాక్కోకూడదు. కొలవడం, గీయడం, రాయడం పిల్లల పని. అర్జీ పెట్టడం, గట్టు తీయించడం సంఘం పని. ఈ గీత దాటొద్దు.

పాఠానికి ఇంత బలం ఉందా అనేవాళ్లు మన జిల్లా చరిత్రే చూసుకోవాలి. అక్షరదీపం వాచకంలో సారా మీద రాసిన పాఠం చదివి దూబగుంట ఆడవాళ్లు కదిలారు. 1992లో జిల్లా కదిలింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. రాత్రిబడి పాఠం అంత పని చేసింది. పగటిబడి పాఠం ఊరికే ఉండాలని ఎవరన్నారు?

కాబట్టి అన్నలారా, అక్కలారా, వచ్చే పక్షం లోపల మూడు పనులు. సంఘంలో ఒకరు ఊరి పటం నకలు తేవాలి. అయ్యవార్లు, ముఖ్యంగా మన నుంచి వెళ్లిన అయ్యవార్లు, ఒక్క పీరియడ్ తాడుతో బయటికి రావాలి. తల్లిదండ్రులు రాత్రి అన్నం తినేటప్పుడు పిల్లని అడగాలి: "మన పల్లె ఎక్కడుందో గీసి చూపించమ్మా." గీసిన కాగితం దాచిపెట్టండి. రీసర్వే వాళ్లు వచ్చిన రోజు అది బయటికి తియ్యాలి.

జై భీం.