ఎగుమతి రొయ్యకు ల్యాబ్.. మన వీధి చేపకు ఏది?

అమెరికా రేవుకు చేరిన రొయ్యల్లో సాల్మొనెల్లా బ్యాక్టీరియా కనబడితే అక్కడి ఎఫ్‌డీఏ ఆ సరుకును లోపలికి రానివ్వదు. ఆ భయంతోనే మన ఎగుమతి ప్లాంట్లలో ల్యాబ్ పరీక్షలు, ఐస్, గ్లవుజులు అన్నీ ఉంటాయి. రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. మరి అదే తీరం నుంచి వచ్చి వీధి మార్కెట్లో గోనె పట్టా మీద, ఈగల మధ్య అమ్ముడయ్యే సరుకు సంగతేంటి?

ముప్పు మూడు దారుల్లో వస్తుంది. సాల్మొనెల్లా, ఈ-కోలి సముద్రంలో పుట్టేవి కావు. మురుగునీరు, శుభ్రంగా లేని చేతులు, కలుషిత ఐస్ వాటిని మోసుకొస్తాయి. విబ్రియో అలా కాదు. అది ఉప్పునీటిలో సహజంగానే ఉంటుంది, ఎండాకాలంలో త్వరగా పెరుగుతుంది. 1996లో కోల్‌కతాలో బయటపడిన విబ్రియో పారాహీమోలిటికస్ రకం ఒకటి ఆ తర్వాత అనేక దేశాలకు పాకి వాంతులు, విరేచనాలు తెచ్చింది. మూడోది హిస్టమిన్. సూర, కానాగంత లాంటి చేపలను ఐస్ లేకుండా ఉంచితే బ్యాక్టీరియా ఈ విషాన్ని తయారు చేస్తుంది. బాగా ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ, హిస్టమిన్ మాత్రం పోదు.

తప్పంతా గంప మోసే మత్స్యకార మహిళదే అనడం అన్యాయం. రేవులో శుభ్రమైన నీళ్లు, చవకగా ఐస్, మార్కెట్లో నీడ లేకపోతే ఆమె ఏం చేయగలదు? చేపలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాలు ఉన్నాయి. కానీ కాగితం మీది ప్రమాణం గల్లీ దాకా రావాలంటే శాంపిళ్లు తీయాలి, ఫలితాలు జనానికి చెప్పాలి. నగరాల మురుగును శుద్ధి చేయకుండా సముద్రంలోకి వదలడం ఆపాలి. విదేశీ కొనుగోలుదారు సరుకు తిప్పి పంపగలడు. దావత్ కోసం నాలుగు కిలోలు కొన్న కుటుంబానికి ఆ అవకాశం లేదు.

అప్పటిదాకా ఇంట్లో కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఐస్‌లో ఉన్న చేపనే కొనాలి. మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తుందా చూడాలి. పచ్చి చేప కోసిన కత్తితో, పలకపై కడగకుండా సలాడ్ తరగొద్దు. లోపలి దాకా ఉడికించాలి. పిల్లలు, గర్భిణులు, షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఖురాన్ తిండి గురించి చెప్పేటప్పుడు హలాల్‌తో పాటు తయ్యిబ్ అనే మాటను కూడా చేర్చింది. అంటే పరిశుభ్రమైనది, మేలైనది. దస్తర్‌ఖాన్ మీద చేప పెట్టే ప్రతి ఇంటికీ ఆ రెండో మాటను ప్రభుత్వం నుంచి అడిగే హక్కుంది.