మాంచెస్టర్‌లో మగ్గాల మోత

ఈ నెల మా మనవడి సంగతి రాస్తున్నాను. ముసలాడు ఇంటి గొప్ప చెప్పుకుంటున్నాడు అనుకోవద్దు. చివరిదాకా చదవండి, మనందరికీ పనికొచ్చే మాట ఒకటుంది.

మా పెద్దమ్మాయి కొడుకు ఇంగ్లండులో మాంచెస్టర్‌లో చదువుతున్నాడు. బ్యాంకు అప్పు తెచ్చి, క్యాంపులో ఉన్న ఎకరన్నర తాకట్టు పెట్టి పంపించాం. చదువు కాగానే హోటల్లో గిన్నెలు కడగడానికి పోతాడు. వెళ్ళి ఆర్నెల్లయినా ఊరు చూసింది లేదు. పోయిన శనివారం సెలవు దొరికితే నలుగురు స్నేహితులు కలిసి బయల్దేరారు. ఒకడు గుంటూరు అబ్బాయి, ఒక అమ్మాయిది అహమ్మదాబాదు, ఇంకో కుర్రాడిది నైజీరియా.

మాంచెస్టర్ పేరు నాకు కొత్త కాదు. నేను 16 ఏళ్ళు లూం షెడ్డులో పనిచేసిన దావణగెరెని కర్ణాటక మాంచెస్టర్ అనేవారు. అహమ్మదాబాదుకీ, కోయంబత్తూరుకీ అలాంటి పేరే. మిల్లు పొగగొట్టాలు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ ఆ పేరు. అసలు మాంచెస్టర్‌ని మాత్రం మా వంశంలో మొదట చూసింది వీడే.

పొద్దున్నే సన్న వాన. అక్కడ ఎప్పుడూ అంతేనట. "ఇంత వాన ఊళ్ళో మిల్లులు ఎందుకు పెట్టారు తాతయ్యా?" అన్నాడు. వాన ఉంది కాబట్టే పెట్టార్రా అన్నాను. గాలి పొడిగా ఉంటే నూలు తెగుతుంది. మన దగ్గర ఆ తేమ కోసమే షెడ్డులో నీళ్ళు చిమ్మేవాళ్ళు. వాళ్ళకది ఆకాశమే ఇచ్చింది. ఆ ఊళ్ళో చెత్త డబ్బాల మీద కూడా తేనెటీగ బొమ్మ ఉంటుందట. కష్టపడే పనివాళ్ళకి అది గుర్తు. 1842 నుంచీ ఊరి ముద్రలో ఉందట.

ముందు ఒక మ్యూజియానికి పోయారు. టిక్కెట్టు లేదు. 1830లో మాంచెస్టర్‌కీ లివర్‌పూల్‌కీ రైలు మొదలైనప్పటి స్టేషను అక్కడే ఉంది. మన దేశం పత్తి, అమెరికా పత్తి లివర్‌పూల్ ఓడరేవులో దిగి ఆ దారినే మిల్లులకి వచ్చేది. లోపల పాత యంత్రాలు పెట్టారు. యంత్రం తిరుగుతుండగానే దాని కిందికి పాకి దూది ఊడ్చే పని పసిపిల్లలది. చేతులు నలిగిపోయిన పిల్లలు ఎంతమందో.

అక్కడి మనిషి చూపించడానికి మగ్గం ఆడించాడు. ఒక్కటంటే ఒక్కటే మగ్గం. నాడె అటూ ఇటూ కొడుతుంటే పక్కనున్న వాడి మాట పక్కవాడికి వినపడలేదట. అహమ్మదాబాదు అమ్మాయి చెవులు మూసుకుంది. ఆపాక ఆ మనిషి చెప్పాడట: ఇలాంటివి వందలు ఒకే షెడ్డులో ఆడేవి, పనివాళ్ళకి మాట వినపడదు కనుక పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు, చాలామందికి చెవులు పోయాయి అని.

మధ్యాహ్నం నడుచుకుంటూ ఊరు తిరిగారు. 1819 ఆగస్టు 16న ఓటు హక్కు కోసం 60 వేల మంది దాకా పోగైతే గుర్రపు దళాన్ని వాళ్ళ మీదికి తోలారు. 18 మంది చనిపోయారు. వాళ్ళలో చేనేత వాళ్ళూ ఉన్నారు. ఆ చోట గుండ్రటి మెట్లు కట్టారు, అక్కడ కూర్చుని తెచ్చుకున్న రొట్టెలు తిన్నారట. తర్వాత లింకన్ విగ్రహం చూశారు. అమెరికాలో యుద్ధం వచ్చి పత్తి ఆగిపోతే ఇక్కడి మిల్లులు మూతపడ్డాయి, పనివాళ్ళు పస్తులున్నారు. అయినా బానిసలు పండించిన పత్తి మాకొద్దు అన్నారు మాంచెస్టర్ పనివాళ్ళు. 1863లో లింకన్ వాళ్ళకి ఉత్తరం రాశాడు. ఆ మాటలు విగ్రహం కింద చెక్కారు. నైజీరియా కుర్రాడు అక్కడ చాలాసేపు నిలబడిపోయాడట. చివరికి పెద్ద చర్చి ముందర గాంధీగారి విగ్రహం. విదేశీ బట్ట మానమన్న ఆయనే 1931లో ఆ ప్రాంతానికి వెళ్తే, పనిపోయిన మిల్లు ఆడవాళ్ళు జేజేలు కొట్టారు. ఆకలి ఒకటే కదా, ఆ ఊరిదైనా ఈ ఊరిదైనా.

రాత్రి వీడియో ఫోను చేశాడు. నాకు వినపడదు కనుక మా అమ్మాయి పక్కన కూర్చుని చెవిలో అరిచి చెబుతోంది. వాడు ఉన్నట్టుండి మాట ఆపేశాడు. పెదాలు మాత్రం కదుపుతున్నాడు. ఫోను పాడయిందని మా అమ్మాయి అటూ ఇటూ తిప్పింది. ఉండమ్మా, కదపకు అన్నాను. నాకు అర్థమైంది. "తప్పయింది తాతయ్యా" అంటున్నాడు.

వాడు తొమ్మిదో క్లాసులో ఉండగా నేను బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడాను. నాకు మెల్లగా మాట్లాడటం రాదు, షెడ్డులో అరిచి అరిచి అదే అలవాటు. పిల్లలంతా నవ్వారు. ఇంటికొచ్చి, ఇంకెప్పుడూ బడికి రావద్దు తాతయ్యా అన్నాడు. నేను మళ్ళీ పోలేదు. ఆ సంగతి వాడు మర్చిపోయాడనుకున్నాను.

వాడు మళ్ళీ పెదాలు కదిపాడు. "చెవులు చూపించుకో." ముసలాడికి చెవులెందుకురా, ఆ డబ్బు నీ అప్పుకి కడదాం అని ఇన్నాళ్ళూ తోసేశాను. ఈసారి తోసెయ్యలేకపోయాను. సోమవారం సింధనూరు ఆసుపత్రికి పోతే పరీక్షకి రాయచూరు పంపారు. మోత వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు, మిషను పెడితే కొంత ఉపయోగం అన్నారు. పదేళ్ళ ముందు రావాల్సింది అన్నారు.

అందుకే ఇప్పుడు మిల్లుల్లో, జిన్నుల్లో పనిచేసే పిల్లలకు చెబుతున్నాను. మేం దూదిమిల్లు వాళ్ళం, చెవుల్లో దూదే కుక్కుకున్నాం. దూది మోతని ఆపదు. చెవి బిరడాలు, కాకపోతే చెవులకు తొడిగే కప్పులు అడగండి. ఏడాదికోసారి చెవి పరీక్ష చేయించుకోండి. పనిలో మోత వల్ల వచ్చే చెవుడు కూడా చట్టంలో వృత్తి జబ్బుల పట్టికలో ఉంది. కాగితాలు, జీతం చీటీలు పారెయ్యకండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిగా మాట్లాడితే విసుక్కోకండి.

మిషను వచ్చే నెల వస్తుందన్నారు. అది పెట్టుకున్నాక మొదట వాడి గొంతే వినాలని ఉంది.