అధ్యాపకుని నిలుపునది అధ్యయనమే

ప్రాచ్య కళాశాలలలో వ్యాకరణ, న్యాయ, సాహిత్య శాఖలకు యోగ్యులైన యువ పండితులు లభించుటకంటె, లభించినవారు నిలుచుట దుష్కరమగుచున్నది. శాస్త్రాభిరుచితో ప్రవేశించినవారే కొన్నియేండ్లకు వేరొక ఉద్యోగమునకు మరలిపోవుచున్నారు. వేతన భేదమే దీనికి కారణమని పలువురి అభిప్రాయము. అది సత్యమే కాని సమగ్రము కాదు.

తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి ఋతము, సత్యము, తపస్సు మొదలగు వానిలో ప్రతిదానితోను స్వాధ్యాయ ప్రవచనములను జోడించినది. తాను చదువుట, ఒరులకు చెప్పుట అను రెండును విడదీయరానివని దీని తాత్పర్యము. నేటి కళాశాలలలో ప్రవచనము మాత్రమే ఉద్యోగమై, స్వాధ్యాయము తీరికవేళ వ్యాసంగమైనది. సిద్ధాంతకౌముదిలో కారక, సమాస ప్రకరణములనే ఏటేట బోధించుచు, మహాభాష్యమునకుగాని పరిభాషేందుశేఖరమునకుగాని మరల పోలేని వైయాకరణునకు క్రమముగా శాస్త్రమంతయు పరీక్షా పాఠ్యాంశముగా కుదించుకొనిపోవును. అట్టివాడు రాజీనామా వ్రాయకున్నను మనసున వెడలిపోయినవాడే.

ఈ లోటు తీర్చుటకు యత్నము జరుగకపోలేదు. 1986 జాతీయ విద్యావిధానము ననుసరించి 1987 నుండి అకడమిక్ స్టాఫ్ కళాశాలలు వెలసినవి. పునశ్చరణ తరగతులు పదోన్నతికి అంగములైనవి. 2023లో ఆ శిక్షణ వ్యవస్థయే మాలవీయ మిషన్ పేర రూపాంతరము చెందినది. బోధనా పద్ధతులు, మూల్యాంకనము, కంప్యూటరు వినియోగము తెలియుట అవసరమే. కాని రెండు మూడు వారముల ఉపన్యాసములతో గాదాధరి పంక్తులకు అన్వయము కుదరదు. దానికి గురుముఖము కావలెను, కాలము కావలెను.

కావున ప్రాచ్య కళాశాలల అధ్యాపకునకు ఐదేండ్ల కొకమారైనను, ఒక అర్ధసంవత్సరము, పూర్తి వేతనముతో ప్రౌఢ గ్రంథాధ్యయనమునకు అవకాశ మీయవలెను. వాక్యార్థ సభలలో పాల్గొనుటను, తాళపత్ర గ్రంథ పరిష్కరణమును ముద్రిత వ్యాసముతో సమానముగా గణింపవలెను. విశ్రాంత పండితులను పిలిచి వారమున కొక శాస్త్రగోష్ఠి నడపుటకు పెద్ద వ్యయము కాదు. అది పాఠముల పట్టికలో చేరిన చాలును.

ఇట్లు చదివించినచో ఆ పండితుడు తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయము వంటి పెద్ద సంస్థకు పోవునని యాజమాన్యములు శంకింపవచ్చును. కొందరు పోవుదురు. అయినను అధ్యాపకుడు ఎదుగు చోటికి వేరొక యోగ్యుడు వచ్చును; ఎదుగని చోట యోగ్యుడు నిలువడు, నిలిచినవాని యోగ్యత నిలువదు.

మరియొక సంగతి. ఖాళీలను పూరింపక, తాత్కాలికులను అల్పవేతనముతో గడపుచు, శిక్షణను మాత్రము చూపుట వంచన యగును. వృత్తి స్థిరత్వము పునాది. అధ్యయనము దానిపై కట్టడము. ఒక అధ్యాపకుడు వెడలినచో మరియొకని నియమింపవచ్చును. పాఠపరంపర తెగిన పిమ్మట ఎన్ని ప్రకటనలు వెలువడినను ఆ శాస్త్రము చెప్పగల అభ్యర్థి దొరకడు.